మూలన నిలబడిన మనిషి

జూలై 4, 2025

ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు. స్టూడియో తెరిచి కూర్చుంటే పొద్దంతా ఇద్దరొచ్చారు, ఇద్దరూ పాస్‌పోర్టు ఫోటోలకే. మిగతాదంతా గాలి. ఉరవకొండలో ఈ నెల గాలికి ఎవరూ అడ్డు చెప్పలేరు. బోర్డు మీద నా పేరులో మొదటి అక్షరం పోయినేడే ఎగిరిపోయింది, ఇప్పుడు రెండోది ఊగుతోంది.

జోయల్ ఫోన్ చేశాడు. గార్లదిన్నెలో వీడియోలు తీస్తాడు, పెద్ద పెళ్ళిళ్ళకు పదేళ్ళుగా నాకు తోడు.

"అన్నా, నీ పాత ఇరవై ఎనిమిది లెన్స్ ఊరికే పెట్టుకోని ఏం చేస్తావు? నాకియ్యి. ఏ కెమెరాకు పెడితే ఎట్లొస్తాదో ముందు చూసి చెప్పు."

రీళ్ళ కాలం నుంచీ గ్రూపు ఫోటోలకు నేను వాడిన వెడల్పు లెన్స్ అది. చూస్తానన్నాను. సరిగ్గా చూస్తాను. నా దగ్గర మూడు కెమెరాలున్నాయి. రీలుది, మొదటి డిజిటల్, రెండేళ్ళ కిందట కొన్న కొత్తది. మూడూ ఒకే కంపెనీ బిడ్డలు. ఒకే లెన్స్ ఆ మూడింటి మీదా ఎలా చూస్తుందో రాసి పెట్టుకుంటే జోయల్‌కూ పనికొస్తుంది, నాకూ పొద్దుపోతుంది. అందుకే ఈ డైరీ. లెన్సుల సంగతి తప్ప ఇందులో వేరేది రాయను.

వనజాక్షి సంవత్సరీకం ఆగస్టు పదకొండున.

జూలై 6

ఆదివారం. అనుపమ అనంతపురం నుంచి వచ్చింది. అక్కడ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపింది.

"నాయనా, ఈసారి అమ్మది మంచి ఫోటో పెడతావా? ఆ ఫోటో మాత్రం వద్దు."

"పెడతాలేమ్మా."

"ఒట్టు?"

ఒట్టేశాను.

'ఆ ఫోటో' సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు. వనజాక్షి పోయిన పదకొండో రోజుకు గోడకు ఫోటో కావలసి వచ్చింది. నా దగ్గర లేదు. ముప్పై ఏళ్ళుగా ఊరందరి మొహాలూ తీసినవాడి దగ్గర పెళ్ళాం మొహం లేదు. మా పెళ్ళి ఆల్బం ఉంది, అందులో ఆమెకు పంతొమ్మిదేళ్ళు. పోయినామె నలభై ఆరేళ్ళ మనిషి. ఫోను ఎత్తితే చాలు, కొంగు అడ్డం పెట్టుకునేది. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేశాను. మొహం గళ్ళు గళ్ళుగా విడిపోయింది. దాన్ని నున్నగా చేసి, కింద పట్టుచీర తగిలించాను. పోయినవాళ్ళ ఫోటోలకు స్టూడియోల వాళ్ళం చేసే పనే అది. చీరలు, హారాలు, వెనక నీలి మబ్బులు కంప్యూటర్లో తయారుగా ఉంటాయి, తల ఒక్కటి మారుస్తాం. ఆ గందరగోళంలో చేతికందిన చీర తగిలించేశాను.

పదకొండో రోజు భోజనాల దగ్గర ఒకామె గోడ వైపు చూసి, "ఇది మాయత్త తిమ్మక్క చీర కదా! ఆ హారం గూడా మాయత్తదే. మా ఇంట్లో గోడకుండాది" అంది. ఆమె మనసులో ఏ చెడ్డా లేదు. తిమ్మక్క ఫోటో అంతకు ఆరు నెలల ముందు చేసింది నేనే. విస్తళ్ళ ముందు అందరూ తలలు వంచుకున్నారు. అనుపమ పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది.

"మెడ కింద అమ్మ కాదు. మెడ పైన గూడా అమ్మ కాదు" అంది నాతో. ఆ సాయంత్రమే ఫోటో గోడ మీంచి తీసి బీరువా వెనక పెట్టాను. ఏడాదిగా ఆ మేకు ఖాళీగా ఉంది.

జూలై 9

లెన్స్ పని మొదలుపెట్టాను. ఎదురుగా ఉన్న పాత నూనె మిల్లు ఇటుక గోడ పరీక్షకు బాగుంటుంది. మధ్యలో ఒక దినపత్రిక కాగితం, నాలుగు మూలలా నాలుగు కాగితాలు అతికించాను. మధ్య కాగితంలో అక్షరాలు చదవగలిగితే లెన్స్ నడుము బాగున్నట్టు. మూల కాగితాల్లో చదవగలిగితే మూలలు బాగున్నట్టు. గాలికి రెండు కాగితాలు చినిగిపోయాయి. మైదా ఉడికించి మళ్ళీ అతికించాను.

మొదటి డిజిటల్ మీద పాత లెన్స్ పెట్టాను. నడుము బాగుంది. మూలలూ బాగున్నాయి. కానీ ఇది మోసం. ఈ కెమెరాలో బొమ్మ పడే పలక, సెన్సార్, చిన్నది. లెన్స్ ఇచ్చే బొమ్మలో నడిమి ముక్క ఒక్కటి తీసుకుని అంచులు పారేస్తుంది. పారేసిన అంచులు బాగున్నాయా లేదా అని అడగడంలో అర్థం లేదు.

పక్కింటి అంజనమ్మ నీళ్ళ బిందెతో పోతూ నిలబడింది. "ఏమప్పా వేణూ, గోడకు పెండ్లిచూపులా?"

నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

జూలై 10

గాలి. పని కాలేదు.

జూలై 13

అనుపమ వచ్చింది. బల్ల మీద మూడు కెమెరాలూ చూసి ఒకదాని లెన్స్ ఊడదీసింది.

"అన్నీ ఒకే కంపెనీవి కదా నాయనా. ఒకదాని లెన్స్ ఇంకోదానికి పడతాదా?"

"రీలుదానికీ ఈ డిజిటల్‌కూ ఒకే మూతి, నేరుగా పడతాది. కొత్తదాని మూతి వెడల్పు. నడుమ ఒక రింగు పెట్టాల. చుట్టాలే గానీ, నడుమ మనిషి లేకపోతే కలవరు."

"మన పెద్దనాయనోళ్ళ మాదిరి" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

రీళ్ళు కడిగేవాళ్ళు ఇప్పుడు జిల్లాలో నాకు తెలిసి ఎవరూ లేరు. కొత్తగా తీసి చూడలేను కాబట్టి పాత నెగెటివ్‌ల డబ్బా దించాను. పాతికేళ్ళ కిందటి పెళ్ళిళ్ళు. ట్యూబ్‌లైటు ముందు ఒక్కొక్కటీ పట్టుకుని ఫోన్లో రంగులు తిరగేసి చూస్తూ పోయాం. లెన్స్ మూలలు చూద్దామనే తీశాను. అనుపమే ముందు కనిపెట్టింది.

"ఈడ చూడు, అమ్మ."

గ్రూపు ఫోటోలో కుడి చివర. పెళ్ళిళ్ళలో నాకు లైటు పట్టేది వనజాక్షే. లైటు స్తంభం పట్టుకున్న చెయ్యి ఫోటో బయట, మనిషి లోపల. ఇంకోదాంట్లోనూ అంతే. ఇంకోదాంట్లోనూ. మొహం పాలమీగడలా కరిగిపోయి ఉంది. కళ్ళు ఎక్కడున్నాయో, ముక్కు ఎక్కడుందో అంచనా వేయాలి. డబ్బా అంతా అయిపోయేదాకా అనుపమ లేవలేదు.

"అమ్మ అన్నిట్లో ఉండాది నాయనా. ఒక్కదాంట్లో గూడా మొగం లేదు."

"లెన్స్ అంతేనమ్మా. పాత గాజు. మూలలు అట్లే వస్తాయి."

"మరి అమ్మను ఎప్పుడూ మూలనే ఎందుకు నిలబెట్టినావు?"

లైటు పట్టుకోవాలి కదా అన్నాను. ఆమె నెగెటివ్‌లు డబ్బాలో సర్దింది. ఐదు గంటల బస్సుకు వెళ్ళిపోయింది.

జూలై 14

లైటు పట్టుకోవాలి. నిజమే. లైటు కుడి పక్క నుంచే రావాలి.

జూలై 15

అది మొత్తం నిజం కాదు.

ఈ లెన్స్ మూలలు మెత్తన అని మొదటి రీలుకే నాకు తెలుసు. అందుకే గ్రూపు నిలబెట్టడానికి నాకొక పద్ధతి ఉండేది. పెళ్ళికొడుకు మేనమామలు, దుడ్లున్న చిన్నాయనలు, కారు దిగి వచ్చిన నాయకులు నడుమ. ఆల్బం తెరిచి "నా మొగం యాడప్పా?" అని తగాదాకు వచ్చేవాళ్ళందరూ నడుమ. అడగడం తెలియనివాళ్ళు అంచులకు. అందరికన్నా చివర వనజాక్షి. నేను పిలిచేవాణ్ణి కాదు, పెళ్ళివాళ్ళే పిలిచేవాళ్ళు. "వనజక్కా, నువ్వూ రా!" అంటే లైటు వదలకుండా అర అడుగు లోపలికి వచ్చేది. ఆల్బం తయారయ్యాక ఆమే పేజీల మధ్య పల్చటి కాగితాలు పెట్టేది. అన్ని వందల ఆల్బాల్లో తన మొహం ఎలా వచ్చిందో చూసుకునే ఉంటుంది. ఒక్కసారీ అడగలేదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నాకు ఫోటోకు కూడా పనికిరాలేదు. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. లెన్సుల సంగతే రాస్తానని కూర్చున్నాను.

జూలై 18

మొదటి డిజిటల్ డిస్కులన్నీ వెతికాను. పద్నాలుగేళ్ళ పెళ్ళిళ్ళు. వనజాక్షి లేదు.

కారణం నాకు తెలుసు. అంచులు పారేసే కెమెరా కదా, చిన్న కల్యాణమండపాల్లో మనుషులు పట్టేవాళ్ళు కాదు. గోడకు వీపు ఆనించి నిలబడి, "ఇంకా దగ్గరికి, ఇంకా" అని అరిచేవాణ్ణి. ఆమె తనే తప్పుకునేది. "నేను పక్కకుంటాలే, వాళ్ళను రానీ" అనేది. పద్నాలుగేళ్ళు పక్కకే ఉంది.

కదిరి పెళ్ళి ఒకదాంట్లో ఆమె ముంజేయి ఉంది. ఆకుపచ్చ గాజులు. మిగతా మనిషి లేదు. ఆ గాజులు పెద్దవి చేసుకుని చూస్తూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ఎవరో పాస్‌పోర్టు ఫోటోకని వచ్చి, నేను ఏడుస్తుంటే చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయారు.

జూలై 22

కొత్త కెమెరాకు రింగు పెట్టి పాత లెన్స్ బిగించాను. అదే ఇటుక గోడ. మూలలు రీలు కన్నా అధ్వానం. ఒక్క అక్షరం తెలియలేదు. రింగు వదులుగా ఉందేమో. గోడే వంకరేమో. జోయల్‌కు ఫోన్లో ఇదే చెప్పాను.

"రింగు వదులు, గోడ వంకర, గాలి ఎక్కువ. ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాదన్నా నీ కత" అని నవ్వాడు. "అది సరే గానీ, కొత్త కెమెరాకని దాంతోపాటే తీసుకొన్న లెన్స్ ఉండాది కదా? దాని మూలలెట్లుండాయి?"

"చూస్తా."

"కొని రెండేండ్లాయ. ఇంకా చూడలేదా?"

"చూస్తానంటి కదా!"

గట్టిగా అరిచాను. అతనన్న దాంట్లో తప్పేముందని. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది.

జూలై 23

కొత్త లెన్స్ చూడలేదు. బ్యాటరీలో చార్జి లేదు.

జూలై 24

చూడలేదు. గాలి.

జూలై 27

శ్రావణం వచ్చింది, వాన రాలేదు. వేరుశనగ విత్తనం వలిచి పెట్టుకున్నవాళ్ళు స్టూడియో ముందు నిలబడి మబ్బుల గురించి మాట్లాడుకుని పోతున్నారు.

అనుపమ అడిగింది. "కొత్త కెమెరాలో అమ్మ లేదా నాయనా?"

"లేదు."

"గార్లదిన్నె పెండ్లికి ఇద్దరూ పోయినారు కదా? ఆ పొద్దు అమ్మ నాకు మండపం నుంచి ఫోన్ చేసింది. నాకు బాగా గుర్తుండాది."

"ఆ డిస్కు పాడయింది."

డిస్కు పాడవలేదు. బీరువా పై అరలో పాత తువాలులో చుట్టి పెట్టాను. అనుపమ నా మొహంలోకి చూసింది. అబద్ధమని పోల్చుకునే ఉంటుంది. ఏమీ అనలేదు. ఆ విషయంలో వాళ్ళమ్మ పోలిక.

పోయే ముందు చెప్పులేసుకుంటూ, "ఇంకా పదైదు దినాలుండాయి, ఒట్టేసినావు" అంది.

జూలై 30

ఇక్కడైనా రాయకపోతే ఎక్కడ రాస్తాను.

2023 నవంబరు. కొత్త కెమెరా వచ్చి నెల. గార్లదిన్నెలో విష్ణువర్ధన్ గారి కూతురి పెళ్ళి. పొద్దున్నే లైట్లు కారులో పెట్టి లోపలికి వచ్చేసరికి వనజాక్షి వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఆమె గడప మీద ఎప్పుడూ కూర్చోదు, ఎవరైనా కూర్చుంటే లేపుతుంది.

"కడుపులో పట్టుకున్నట్టుండాదండీ. వారం నుంచి ఇంతే. ఈ పొద్దు నేను రాకపోతే ఏమన్నా అవుతాదా? అనంతపురం పోయి చూపించుకుంటే..."

"ఆడోళ్ళ పక్క ఎవరు సర్దుతారు? ఈ పెండ్లి ఒక్కటి దాటనీ. నేనే తీసుకపోతా."

లేచి జడ వేసుకుంది.

ఆ పెళ్ళి దాటింది. తర్వాత ఇంకొకటి. తర్వాత మాఘమాసం, ఊపిరాడని సీజను. ఆమె మళ్ళీ అడగలేదు, నేను మళ్ళీ గుర్తు చేయలేదు. మార్చిలో ఆసుపత్రికి పోయేసరికి డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, "ఇన్ని నెలలు ఎందుకాగారు?" అని నన్ను అడిగాడు. నాకన్నా ముందు ఆమె, "నాకే తెలీలేదు సార్" అంది. నేను పక్కన నోరు మూసుకుని నిలబడ్డాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు బెంగళూరు దాకా తిప్పాను. ఆగస్టులో పోయింది.

అనుపమకు ఇదేదీ తెలియదు. "అమ్మ లోపలే పెట్టుకొనింది. ఒక్క మాట చెప్పింటే" అని ఇప్పటికీ వాళ్ళమ్మను తప్పు పడుతుంది. నేను పట్టనిస్తున్నాను. ఏడాదిగా పట్టనిస్తున్నాను.

ఆగస్టు 2

కొత్త కెమెరా, కొత్త లెన్స్, నూనె మిల్లు గోడ. మూలలు నడుముతో సమానంగా ఉన్నాయి. కుడి చివరి కాగితంలో బోరు మోటార్లు బాగుచేయబడును అన్న చిన్న ప్రకటన, దాని కింద ఫోన్ నంబరు కూడా చదివాను. గోడ వంకర లేదు. ఇక సాకులు అయిపోయాయి.

ఆగస్టు 3

అనుపమ రాలేదు, పరీక్ష పేపర్లు దిద్దాలట. డిస్కు తీశాను.

గ్రూపు ఫోటో. నలభై మంది దాకా ఉన్నారు. కుడి చివర వనజాక్షి. దగ్గరికి లాగాను. లాగే కొద్దీ వస్తూనే ఉంది, ఎక్కడా కరగలేదు. ముక్కుపుడకలో రాయి కనిపిస్తోంది. చెమటకు కొంచెం జారిన కుంకుమ. రంగు వేసినా చెవి దగ్గర మిగిలిపోయిన నాలుగు తెల్ల వెంట్రుకలు. నవ్వుతోంది. "అందరూ నవ్వాల!" అని నేను అరిచి ఉంటాను.

ఆమె లైటు స్తంభాన్ని పట్టుకుని లేదు, దాని మీద ఆనుకుని ఉంది. రెండో చెయ్యి కొంగు కింద కడుపుకు అదిమి ఉంది. వేళ్ళు చీరను పిడికిలి పట్టాయి.

ఆ రోజు ఇదే ఫోటో కెమెరా వెనక తెరమీద చూశాను. నడుమ ఉన్నవాళ్ళ కళ్ళన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూసుకుని, చాలు అన్నాను. మూలకు చూడలేదు. చూసి ఉంటే ఆ సాయంత్రమే అనంతపురంలో ఆగేవాణ్ణేమో. ఆగేవాణ్ణి కాదేమో కూడా. మర్నాడు ఉరవకొండలో ఇంకో పెళ్ళి ఉంది.

వనజాక్షీ, నేను చూడలేదు.

ఆగస్టు 5

ఫ్రేముకు మొహం, భుజాలు చాలు. అక్కడిదాకా ఉంచి చెయ్యి తీసేశాను. ఫ్రేము నిలువుగా ఉంటుంది గనుక తీశాను, అందరికీ అలాగే చేస్తాం. మొహాన్ని ముట్టుకోలేదు. వెనక మబ్బులు పెట్టలేదు.

అనుపమకు పంపాను. నిమిషంలో ఫోన్ చేసింది.

"యాడ దొరికింది నాయనా?"

"డిస్కు బాగయింది."

"ఇదీ అమ్మంటే. చూడు, ఎంత బాగా నవ్వుతాండాదో."

చూస్తున్నానన్నాను. అటు పక్క ఏడుస్తోంది, సంతోషంగా. ఆ సంతోషం పోగొట్టే ధైర్యం నాకు లేదు. ఒట్టు నిలబెట్టుకున్నాను, అంతవరకు చాలు అనుకుంటున్నాను.

ఆగస్టు 8

జోయల్ వచ్చి పాత లెన్స్ తీసుకుపోయాడు. నడుము బాగుంటుంది, మూలల్లో ఎవరినీ నిలబెట్టొద్దని చెప్పాను.

ఆగస్టు 11

సంవత్సరీకం జరిగింది. స్వామి వచ్చి తంతు ముగించేసరికి ఒంటిగంట. మేకుకు ఫోటో తగిలించి దండ వేశాం. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట, ఎంత కళగా ఉందో, ఎదురుగా నిలబడి పలకరిస్తున్నట్టే ఉంది అని. అనుపమ అందరినీ తీసుకొచ్చి చూపించింది.

వనజాక్షి తల్లి పద్మావతమ్మ తనకల్లు నుంచి వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు పట్టేసి నడవడం కష్టం. అనుపమ చెయ్యి పట్టుకుని ఫోటో ముందుకు తీసుకొచ్చింది. అత్తమ్మ చాలాసేపు చూసింది. మిగతావాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు.

"ఎవురప్పా దీన్ని నిలబెట్టింది?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"నొప్పితో ఉండాది నా బిడ్డ. చిన్నప్పుడూ ఇంతే, ఒళ్ళు బాగలేకపోతే కింది పెదివి లోపలికి పట్టుకోని నవ్వేది. ఎవురన్నా ఒక కుర్చీ ఇయ్యకపోతిరా?"

"లేదవ్వా, పెండ్లిలో తీసింది అది. నవ్వుతాండాది" అంది అనుపమ. అని, ఫోటో వైపు మళ్ళీ చూసింది. తర్వాత నా వైపు చూసింది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఏడాదిగా అలవాటైన అబద్ధమే. కానీ అత్తమ్మ నా జవాబు కోసం నిలబడి ఉంది, ఆ మోకాళ్ళతో.

"నేనే నిలబెట్టినాను అత్తమ్మా. ఆ పొద్దున్నే నాకు చెప్పింది, కడుపులో నొప్పని. ఆస్పత్రికి పోదామనింది. నేనే పెండ్లి దాటనీ అంటి."

వడ్డించేవాళ్ళు కూడా ఆగిపోయారు. అత్తమ్మ గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి నా తల మీద పెట్టింది, మళ్ళీ తీసేసింది.

"అమ్మ చెప్పిందా నాయనా?" అంది అనుపమ.

"చెప్పింది."

"నీకు చెప్పిందా?"

"చెప్పిందమ్మా."

"అమ్మ చెప్పింది." ఈసారి నన్ను అడగలేదు. ఫోటోతో అంది.

నాలుగు గంటలకు అవ్వను తీసుకుని కదిరి బస్సెక్కింది. ఆమెను తనకల్లులో దింపి, అట్నుంచి అటే అనంతపురం పోతుందట. సంచి అందించబోతే తనే పట్టుకుంది. బస్సు కదిలేటప్పుడు అత్తమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపింది. అనుపమ ఊపలేదు.